శిఖరం బాబాయ్, క్లిప్పుల్లేని పెడల్స్

"అబద్ధాలు చెప్పడానికి నాకు తీరికెక్కడిదే అమ్మడూ? ఉన్న నిజాలే చెప్పలేక సగం మిగిలిపోతున్నాయి," అంటూ శిఖరం బాబాయ్ టీ గ్లాసు బెంచీ మీద పెట్టి, కాలు మీద కాలు వేసుకున్నాడు.

ఆయన అలా కాలు మీద కాలు వేసుకున్నాడంటే ఇప్పట్లో లేవడని ఆ వసారాలో అందరికీ తెలుసు. వసారా ఒకటే, కొట్లు మూడు. ఈ చివర ఆయన ఫోటో ఫ్రేముల కొట్టు, ఆ చివర టీ కొట్టు, మధ్యలో సైకిళ్ళ షాపు. పొద్దున్నే నాలుగు అద్దాలు కోసి, రెండు ఫ్రేములకి మేకులు కొట్టేసరికి ఆయన పని అయిపోతుంది. ఆ తర్వాత కోసేవన్నీ కోతలే. ఏ మాట మొదలుపెట్టినా అది ఏదో ఒక కొండ కొమ్ము ఎక్కితే గానీ ఆగదు కాబట్టి ఆయనకి శిఖరం అని పేరు పడింది. ఎగతాళికి పెట్టిన పేరని లోకానికి తెలుసు. ఆయన మాత్రం అది బిరుదనుకుని హాయిగా మోస్తున్నాడు.

అమ్మడు ఆయన అన్న కూతురు. ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం. ఆ మధ్యాహ్నం మాత్రం ఆమె తన కొండ సైకిలు మీద కూర్చుని, ఎడమచేత్తో వసారా స్తంభాన్ని కావలించుకుని ఉంది. కింద చూస్తే రెండు బూట్లూ రెండు పెడల్స్‌కీ అతుక్కుపోయి ఉన్నాయి. లాగితే రావు.

దీనికంతటికీ ఆదివారం జరగబోయే కొండ సైకిలు పందెం కారణం. మొదట వచ్చిన ముగ్గురికే జిల్లా జట్టులో చోటు. పోయినేడు అమ్మడు నాలుగోది. చివరి రాళ్ళ దారిలో ఒక్క కుదుపుకి కాలు పెడల్ మీద నుంచి జారింది, పెడల్‌కున్న ముళ్ళు మోకాలి కింద బరబరా గీరేశాయి. జారిన కాలు మళ్ళీ సర్దుకునేలోపు వెనకున్న పిల్ల దాటిపోయింది. ఆ గీతల తాలూకు తొమ్మిది మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. అవి కనిపించినప్పుడల్లా అమ్మడికి ఒళ్ళు మండిపోతుంది. అందుకే ఈ ఏడు, బూటుని పట్టుకుని వదలని ఈ పెడల్స్ వేయించుకుందామని వచ్చింది. ఇన్నాళ్ళూ ఎందుకు వేయించుకోలేదంటే భయం. పడబోతున్నప్పుడు కాలు ఊడకపోతే ఏం గతి అని.

సైకిళ్ళ షాపు మెకానిక్ ఇందాకే ఒక జత బిగించి, వాటికి తగ్గ బూట్లు తొడిగించి చూపించాడు. "పట్టించడం ఇలా," అన్నాడు. తీయడం ఎలాగో చెప్పబోతుంటే ఫోన్ మోగింది. పై వీధి వెల్డింగ్ షాపు వాడు అరువు తీసుకున్న పెద్ద స్పానరు వచ్చి పట్టుకుపొమ్మంటున్నాడు. "నేనొచ్చేదాకా ఎక్కకు చెల్లెమ్మా. ఇవి ఉంచాలో, పాతవి వేసెయ్యాలో ఆలోచించి పెట్టుకో. రేపటి నుంచి షాపుకి తాళం, మా అత్తగారింటికి పోతున్నా," అని వెళ్ళిపోయాడు.

ఎక్కొద్దంటే ఎక్కకుండా ఉండే ఘటమా ఆమె? కుడికాలు పెట్టింది, టక్కుమంది. ముచ్చటేసి ఎడమకాలు కూడా పెట్టింది, అదీ టక్కుమంది. దిగుదామని చూస్తే ఒక్కటీ రాదు. పైకి లాగింది, వెనక్కి లాగింది, బండబూతు ఒకటి నోటిదాకా వచ్చి పెద్దవాళ్ళున్నారని మింగేసింది. గట్టిగా కదిపితే సైకిలుతో సహా పడతానేమోనని ఇక కాళ్ళు కదపడం కూడా మానేసింది.

"బూట్లు విప్పేసి దిగరాదుటే? మేం సైకిలు పట్టుకుంటాం," అంది టీ కొట్టు పిన్ని.

"దిగడం కాదు పిన్నీ కావలసింది. ఆదివారం కొండ మీద పడబోతూ లేసులు విప్పుకుంటూ కూర్చుంటానా? ఇది ఎలా ఊడుతుందో తెలియాలి. తెలిస్తే ఉంచుకుంటా. తెలియకపోతే ఆ పాతవే వేయించుకుని, మళ్ళీ నాలుగోదాన్నై, ఏడ్చుకుంటూ ఇంటికొస్తా," అంది అమ్మడు. గొంతులో కోపం ఎంత ఉందో భయం కూడా అంతే ఉంది.

బెంచీకి ఆ చివర లెక్కల మాస్టారు కూర్చుని ఉన్నారు. ఉద్యోగం మానేసి ఆరేళ్ళయినా చెవి మీద పెన్సిలు మానలేదు. "ఫోన్‌లో చూస్తే క్షణంలో తేలిపోతుంది కదా," అన్నారు ఆయన.

"నేనుండగా ఫోనెందుకు మాస్టారూ?" బాబాయ్ ఆ మాటకి నిజంగానే నొచ్చుకున్నాడు. "ఈ వీధిలో ఈ పెడల్స్ మొట్టమొదట కొన్నదెవరు? నేను. నాలుగేళ్ళ కిందటే. అమ్మడూ, కంగారు పడకు. కిటుకంతా కథలోనే ఉంది. వింటూ ఉండు, నీకే తెలిసిపోతుంది."

అమ్మడికి నమ్మాలనిపించింది. చిన్నప్పుడు బడికి ఆయన సైకిలు వెనకాల కూర్చుని వెళ్ళేది. దారిలో పెద్ద ఎత్తు ఒకటుండేది. ఆ ఎత్తు ఎక్కుతున్నంతసేపూ ఆయన రొప్పుతూనే కథ చెప్పేవాడు, బడి ఎప్పుడొచ్చిందో కూడా తెలిసేది కాదు. అంతటి మనిషి తన కాలు ఇరుక్కుపోతే ఊరికే చూస్తూ కూర్చుంటాడా?

"సరే, తొందరగా చెప్పు," అంది.

"ముందు కొనడం సంగతి విను. అసలు పేరులోనే ఉందమ్మా మోసం. క్లిప్‌లెస్ అన్నారు, అంటే క్లిప్పు లేనిది. తీరా చూస్తే పట్టుకున్న కాలు వదలదు! ఏంటయ్యా ఇదీ అంటే, పూర్వం పెడల్ ముందు ఒక పట్టీ ఉండేదట, బూటు అందులో దూర్చేవాళ్ళట, దాని పేరు క్లిప్పట. అది తీసేశారు కాబట్టి ఇది క్లిప్పు లేనిదట! కట్టుడు పళ్ళు పెట్టుకున్నవాణ్ణి పట్టుకుని బోసినోటివాడా అన్నట్టు లేదూ? సరే, పేరుతో మనకేం పని. కొట్టువాడు నలభై జతలు తెచ్చి నా ముందు పోశాడు. 'రోడ్డుకా అండీ, కొండకా?' అన్నాడు. 'నా మొహం చూస్తే నీకు రోడ్డులా ఉందా?' అన్నా. నోరు మూసుకున్నాడు.

"రోడ్డువైతే చాలామటుకు ఒక పక్కే పట్టుకుంటాయి. బూటు అడుగున ఇంత ముక్క పొడుచుకొచ్చి ఉంటుంది, దిగి నడిస్తే బాతు నడకే. కొండకి అవి పనికిరావు. కొండకి రెండు పక్కలా పట్టుకోవాలి. ఏ పక్క పైకి తిరిగి ఉందో అని రాళ్ళ మీద వంగి చూసుకుంటే తలకాయ పోయి చెట్టుకి తగులుతుంది. బూటు కింద ముక్క చిన్నగా ఉండి లోపలికి దాక్కోవాలి, ఎందుకంటే ఎక్కలేని చోట దిగి సైకిలు మోసుకుంటూ నడవాలి కదా."

అమ్మడు తలూపింది. అది నిజమే, ఇందాక మెకానిక్ కూడా అక్షరాలా అదే చెప్పాడు. బాబాయ్ కథల్లో ఉన్న చిక్కే అది. మొదటి పావు వంతు ఎప్పుడూ నిజమే ఉంటుంది, దాన్ని పట్టుకుని నడిస్తే మిగతా ముప్పావు వంతులో మునుగుతాం.

"ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? 'బురద తీసుకురా' అన్నా. 'బురదెందుకండీ?' అన్నాడు. 'కొండ మీద నీ కొట్టులోలాగా నున్నటి గచ్చు ఉంటుందా? బురదలో పట్టుకుంటేనే పెడల్, లేకపోతే కొయ్యముక్క' అన్నా. తెచ్చాడు, రెండు బకెట్లు. ఒక్కో జతకీ బురద కూరడం, బూటు పెట్టి తొక్కడం. ముప్పై తొమ్మిది జతలు కిక్కురుమనలేదు. నలభయ్యోదాని మీద కాలు పెట్టా. టక్! బురద ఇటు నుంచి అటు కారిపోయింది. ఆ చప్పుడు వినగానే కొట్టువాడికి కళ్ళనీళ్ళు ఆగలేదు. 'ముప్పై ఏళ్ళుగా అమ్ముతున్నానండీ, వీటిని ఇంత బాగా పరీక్షించినవాళ్ళు లేరు' అని నా చేతులు పట్టుకున్నాడు."

"ఆ బురదంతా ఎవరు కడిగారు?" అంది టీ కొట్టు పిన్ని. ఆమెకి కథలో ఎప్పుడూ అలాంటివే కనిపిస్తాయి.

"అమ్మా, ఇలా అడ్డొస్తే నేను చెప్పలేను."

"బాబాయ్, కాలు సంగతి..." అంది అమ్మడు.

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా. బూటు ఊడటం తర్వాత, ముందు అది అతుక్కుంటే ఏమవుతుందో తెలుసుకో. మామూలు పెడల్‌కి తొక్కుడు ఒక్కటే ఉంది. దీనికి లాగుడు కూడా ఉంది. కాళ్ళు పైకి లేపావనుకో, సైకిలు కూడా వెంట లేస్తుంది. నేను ఆ రోజు మన ఫోన్ టవర్ కొండ ఎక్కుతున్నా. మొదటి మలుపులో ఒక రాయి. ఎంత? ఇదిగో, ఈ టీ గ్లాసంత. కాళ్ళు ఎత్తా, చక్రాలు లేచాయి, దాటేశా. ఇందులో గొప్పేం లేదు, ఎవరైనా చేస్తారు. రెండో మలుపులో ఏముందో తెలుసా? గాలివానకి పడిపోయిన చెట్టు, దారికి అడ్డంగా."

"ఎంత లావు?" అన్నారు మాస్టారు.

"మీ నడుమంత."

అందరూ మాస్టారి నడుము వైపు చూశారు. చెట్టు పెద్దదేనని ఒప్పుకోక తప్పలేదు. మాస్టారు లాల్చీ కిందికి లాక్కున్నారు.

"దాటేశా. ఇంకాస్త పైకెళ్ళేసరికి నీళ్ళ ట్యాంకరు, దారి మొత్తం ఆక్రమించుకుని ఉంది. పైన డ్రైవరు దుప్పటి కప్పుకుని గుర్రు పెడుతున్నాడు. గంట కొడదామా అంటే పాపం, ఎన్ని రోజుల నిద్రో. ఊపిరి బిగబట్టా, మోకాళ్ళు ముడిచా, ఒక్క ఉదుటున ట్యాంకరు మీదుగా, ఆయన మీదుగా అవతలికి! ఆయన లేవలేదు. దుప్పటి ఒక్కటి కాస్త జారింది. గాల్లో ఉండగానే వెనక చక్రంతో దాన్ని సర్ది మరీ వెళ్ళా."

"కొండ మీద ట్యాంకరుకి ఏం పని?" అన్నారు మాస్టారు.

"అదే నేనూ అనుకున్నా మాస్టారూ! ప్రభుత్వం పనులు మనబోటివాళ్ళకి అర్థమవుతాయా?"

మాస్టారు తల గోక్కున్నారు. దారినపోయే ఇద్దరు వచ్చి స్తంభానికి అవతల నిలబడ్డారు. జనం పెరిగేకొద్దీ బాబాయ్ ఛాతీ పెరుగుతుంది, అది ఆయన పుట్టుక. అమ్మడి ఎడమచేయి మాత్రం తిమ్మిరెక్కుతోంది.

"ట్యాంకరు దాటా కదా, అవతల నేలుంటుందనుకున్నా. లేదు! లోయ! వెడల్పు తొంభై అడుగులు. ఎలా తెలుసు అనకండి, దాటేటప్పుడు కొలిచా."

"తొంభై అడుగులంటే..." మాస్టారు పెన్సిలు తీశారు. "కనీసం గంటకి..."

"లెక్కలు నేల మీద పనిచేస్తాయి మాస్టారూ. గాల్లో ధైర్యం ఒక్కటే పనిచేస్తుంది. సగం దూరం వెళ్ళా. ఫోన్ మోగింది. చూస్తే మా ఆవిడ! ఎత్తకపోతే ఊరుకుంటుందా? ఎత్తా. 'ఎక్కడున్నారు?' అంది. 'గాల్లో' అన్నా. 'మీరెప్పుడు దిగారు కనక' అని పెట్టేసింది."

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. బాబాయ్ కూడా నవ్వాడు, అది తన గొప్పదనం గురించే అన్నట్టు.

"ఇంతలో ఒక గద్ద వచ్చింది. పక్కపక్కనే ఎగురుతున్నాం. అది నా కాళ్ళ వైపు చూసింది, పెడల్స్ వైపు చూసింది, తన రెక్కల వైపు చూసుకుంది. ఏమనుకుందో ఏమో, మెల్లిగా వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. దాని మనసు కష్టపెట్టానే అని నాకు ఇప్పటికీ..."

"బాబాయ్!" అమ్మడు ఒక్క అరుపు అరిచింది. సైకిలు స్తంభం దగ్గర నుంచి బెత్తెడు జారింది. "నాకు కథ వద్దు, కాలు కావాలి! చెయ్యి పడిపోతోంది ఇక్కడ!"

అప్పుడు గానీ బాబాయ్ ఇటు చూడలేదు. అమ్మడి వేళ్ళు స్తంభం మీద తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆయన గబుక్కున లేచి వచ్చి, సైకిలు హ్యాండిల్ ఒక చేత్తో, సీటు ఒక చేత్తో పట్టుకున్నాడు. "నేను పట్టుకున్నా తల్లీ. పడవు. నేనుండగా పడనిస్తానా?" అన్నాడు. అది మాత్రం అబద్ధం కాదు, ఆ పట్టు ఉడుం పట్టులా ఉంది. అమ్మడు స్తంభాన్ని వదిలి చెయ్యి విదిలించుకుంది.

"ఊడటం ఎలాగో చెప్పు బాబాయ్. ఒక్క ముక్క చాలు."

ఆయన వంగి పెడల్ వైపు చూశాడు. చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. పరీక్షలో రాని ప్రశ్న ఎదురైన పిల్లాడి చూపు అది. ఈయనకి తెలియదు కాబోలు అని అమ్మడికి మొట్టమొదటిసారి అనుమానం వచ్చింది.

కానీ వసారా నిండా జనం ఉన్నారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అదే చెప్తున్నా! అవతలి ఒడ్డున దిగా. దిగడం అంటే చక్రాలు దిగాయి, నేను కాదు. వెనక చక్రం పోయి రెండు బండల సందులో ఇరుక్కుంది. ముందుకి రాదు, వెనక్కి పోదు. అప్పుడేం చేశానో తెలుసా? రెండు కాళ్ళూ కలిపి పైకి లాగా. రాలేదు. పళ్ళు బిగించి ఇంకోసారి లాగా. పెడల్స్ నలభయ్యో జతవి కదా, వదలవు. బూట్లు మంచివి, చిరగవు. నా కాళ్ళ సంగతి మీకు తెలిసిందే. ఇక మిగిలింది ఏంటి? కొండ! కొండ కదిలింది!"

"కదిలిందా!" అన్నాడు దారినపోయే ఇద్దరిలో ఒకడు.

"ఎక్కువ కాదు. జానెడు. ఉన్నదే చెప్పాలి. ఇటువైపు జానెడు జరిగింది. నమ్మకపోతే మీ ఇష్టం గానీ, ఆ రోజు నుంచే కదా మన వీధిలో ఫోన్ సిగ్నల్ వస్తోంది?"

టీ కొట్టు పిన్ని చేతిలో గరిటె ఆగిపోయింది. "ఆగండాగండి. నాలుగేళ్ళ కిందటే అన్నారు కదూ? మా వంటింట్లో ఫోన్ పనిచెయ్యడం మొదలైంది సరిగ్గా అప్పుడే!"

"చూశారా! సాక్ష్యం! నేను పిలిచానా ఆవిణ్ణి?"

"అదే ఏడు కొండ మీద రెండో టవరు కట్టారు కదమ్మా," అన్నారు మాస్టారు నీరసంగా.

"రెండోది ఎందుకు కట్టాల్సి వచ్చిందో కనుక్కోండి మరి! మొదటిది జరిగిపోయింది కాబట్టి!"

తర్కం అంతా బాబాయ్ వైపే ఉంది. అమ్మడికి ఒక పక్క ఏడుపొస్తోంది, ఇంకో పక్క నవ్వొస్తోంది, రెండింటి మధ్యలో కోపం నలిగిపోతోంది. ఆదివారం గురించి ఆలోచిస్తే నవ్వు ఆగిపోతోంది. ఇక మెకానిక్ రాగానే పాతవే వేసెయ్యమందామని ఆమె మనసులో దాదాపు తేల్చేసుకుంది.

"కొండ కదిలితే ఊరుకుంటుందా? పైనుంచి బండలు మొదలయ్యాయి. ఒక్కోటి ఇల్లంత! దొర్లుకుంటూ నా మీదికే వస్తున్నాయి. వెనక లోయ, ముందు బండలు. ఇంకొకడైతే ఏం చేసేవాడు? చెప్పండి, ఏం చేసేవాడు?"

"దిగి పరిగెత్తేవాడు," అంది పిన్ని.

"అదీ! దిగి పరిగెత్తేవాడు! నేను?" బాబాయ్ సైకిలు పట్టు వదలకుండానే నిటారుగా నిలబడ్డాడు. గొంతు వీధి చివరికి వినిపిస్తోంది. "మాట తప్పడం, మడమ తిప్పడం మన వంశంలోనే లేదు! వస్తున్న బండ మీదికి ఎక్కా, అక్కణ్ణుంచి దాని వెనక బండ మీదికి, అక్కణ్ణుంచి ఇంకోదాని మీదికి. నలభై రెండు బండలు! మూడు గంటలు! చివరి బండ మీద నుంచి నేరుగా శిఖరం మీదికి! ఆ రోజు ఈ పెడల్స్ మీద కాలు పెట్టిన దగ్గర్నుంచి ఈ క్షణం వరకూ నేను మడమ తిప్పానా? లేదు! ఒక్కటంటే ఒక్కసారి మడమ తిప్పితే ఒట్టు! ఎవరినైనా అడగండి!"

"అయితే మీరింకా దిగలేదన్నమాట," అన్నాడెవరో.

అందరూ వెనక్కి తిరిగారు. మెకానిక్. ఎప్పుడొచ్చాడో, స్పానరుకి అంటిన మసి గుడ్డతో తుడుచుకుంటూ మెట్టు మీద నిలబడి ఉన్నాడు. రోజుకి పది మాటలకి మించి మాట్లాడని మనిషి. వాటిలో మూడు అప్పుడే ఖర్చయిపోయాయి.

"ఏంటీ?" అన్నాడు బాబాయ్.

"వాటి మీద నుంచి దిగాలంటే మడమ తిప్పాలి బాబాయ్‌గారూ. బయటికి. ఇంకో దారి లేదు. మీరు నాలుగేళ్ళుగా మడమ తిప్పలేదంటే ఇంకా ఆ కొండ మీదే ఉన్నారు." అతను గుడ్డ భుజాన వేసుకున్నాడు. "మరి రోజూ ఇక్కడ టీ తాగుతున్నదెవరో కనుక్కోవాలి."

గొల్లున లేచింది నవ్వు. పిన్ని నవ్వి నవ్వి పాలు పొంగించుకుంది. దారినపోయే ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. మాస్టారు నవ్వుతూనే పెన్సిలు చెవి మీద పెట్టబోయి లాల్చీ జేబులో వేసుకున్నారు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా లెక్క తేలిందన్న తృప్తి ఆయన మొహంలో కనిపించింది. బాబాయ్ మాత్రం సైకిలు పట్టు వదలకుండానే తల వంచుకున్నాడు.

అమ్మడు ఒక్కతే నవ్వలేదు. ఆమె చెవికి 'బయటికి' అన్న మాట తప్ప ఇంకేమీ ఎక్కలేదు. కుడికాలు లాగడం మానేసి, మునివేళ్ళు ఉన్నచోటనే ఉంచి, మడమ ఒక్కటీ మెల్లిగా బయటికి తిప్పింది. టక్. కాలు తేలిగ్గా ఊడి నేల మీదికి వచ్చేసింది. ఎడమ మడమ తిప్పింది. టక్. రెండు కాళ్ళ మీదా నేల మీద నిలబడి, ఇంత చిన్న పనికా ఇంతసేపూ గుండె అరచేతిలో పెట్టుకున్నాను అనుకుంది. సంతోషం పట్టలేక గట్టిగా ఈలేసింది.

"స్ప్రింగు బిగుతుగా ఉంది, ఎక్కొద్దన్నది అందుకే," అంటూ మెకానిక్ కూర్చుని పెడల్ వెనకున్న చిన్న స్క్రూ రెండు చుట్లు వదులు చేశాడు. "కొత్తల్లో ఇలా ఉండనీ. అలవాటయ్యాక బిగించుకో. సైకిలు ఆగిపోయాక కాదు, ఆగబోయే ముందే తిప్పాలి. మర్చిపోయావంటే నిలబడ్డచోటే పడతావు."

అమ్మడు మళ్ళీ ఎక్కింది. వసారా ముందు ఈ చివర నుంచి ఆ చివరికి తొక్కడం, ఆగే ముందు మడమ తిప్పడం, కాలు కింద పెట్టడం, మళ్ళీ పట్టించడం. మొదటి మూడుసార్లు వెతుక్కోవలసి వచ్చింది. ఒకసారి మర్చిపోయి ఫ్రేముల కొట్టు తలుపుని ఢీకొట్టబోయింది. పదోసారికి ఆలోచించకుండానే కాలు తిరిగింది. చూస్తూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కళ్ళే పనుల మీద పోయారు.

బాబాయ్ బెంచీ మీద ఒక పక్కగా కూర్చున్నాడు. కాలు మీద కాలు లేదు. అమ్మడు రొప్పుతూ వచ్చి పక్కన ఆగితే, ఆమె ఒక్కదానికే వినిపించేలా అన్నాడు: "కొన్న మాట నిజమేనే. నాలుగేళ్ళయింది. పెట్టె మీద రాసిందంతా చదివా, కంఠతా వచ్చేసింది. కాళ్ళు ఇరుక్కుపోతాయేమోనని భయమేసి ఇంతవరకూ బిగించలేదు. ఇవాళ నిన్ను స్తంభానికి వదిలేసి కోతలు కోశా. నీకేమన్నా అయ్యుంటే..." కండువాతో మొహం తుడుచుకున్నాడు.

అమ్మడికి ఇందాక ఉన్న కోపం ఎంత వెతికినా దొరకలేదు. బడిదారి ఎత్తు మీద కథ చెప్తూ రొప్పిన మనిషి ఇలా నేలచూపులు చూస్తుంటే ఆమెకి అస్సలు బాగాలేదు. ఆయనకి ఆ వాలిపోయిన మెడ నప్పలేదు.

"ఏం చెయ్యమంటావు చెల్లెమ్మా?" అన్నాడు మెకానిక్, ఒక చేత్తో స్పానరు, ఇంకో చేత్తో ఆమె పాత పెడల్స్ పట్టుకుని. "ఇవా, అవా?"

"కొత్తవే ఉంచు. సైకిలుకి బాగా బిగించు."

"ఆదివారం రాళ్ళ మీద భయం వెయ్యదు కదా?"

అమ్మడు బాబాయ్ వైపు ఒకసారి చూసి, ఛాతీ విరుచుకుని, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, అచ్చం ఆయన గొంతుతోనే వసారా అదిరిపోయేలా అంది:

"భయమా? మా వంశం మొత్తానికీ మడమ తిప్పిన మొట్టమొదటి మనిషిని నేను!"